రోజా టీచరు చెప్పిన ఫ్రెంచి

రోజా టీచరు బడిలో చెప్పేది ఫ్రెంచే కాదట. నోటికొచ్చిన శబ్దాలు నాలుగు కూర్చి, అదే ఫ్రెంచి అని పిల్లల్ని నమ్మిస్తోందట. మొన్న దసరా సెలవులకు ముందు మా వీధిలో పుట్టిన ఈ మాట, పాలకేంద్రం దగ్గర కాస్త ఒళ్ళు చేసి, మాడుగుల బస్సెక్కి ఊళ్ళు తిరిగి, రెండు రోజుల్లో దేవరాపల్లిలో ఉన్న రోజా అక్కగారింటికి చేరింది. చేరేసరికి దానికి తోక కూడా మొలిచింది. టీచరును బడి నుంచి పంపేశారట, పిల్లలకు నాలుకలు మొద్దుబారి ఉన్న తెలుగు కూడా పోయిందట. అక్క కంగారుపడి ఫోను చేసేసరికి రోజా ఐదో తరగతి నోటుబుక్కులు దిద్దుకుంటోంది. "నన్ను తీసేశారా? ఎప్పుడు?" అని అడిగింది. ఆ అడగడంలో భయం కంటే, ఇంక దిద్దక్కర్లేదేమో అన్న ఆశే ఎక్కువగా వినిపించిందని అక్క తరవాత చెప్పింది.

ఆ మాటలో ఉన్నదెంతో, కలిపినదెంతో చెప్పాలనే ఈ నాలుగు ముక్కలూ. అంతా అబద్ధమని కొట్టిపారేస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది.

రోజా చర్చి వెనక ఉండే ఏసురత్నం మేస్త్రి చిన్న కూతురు. తెలుగు పండిత శిక్షణ పూర్తిచేసి, మా వీధి చివర ఇంగ్లీషు మీడియం బడిలో తొమ్మిదేళ్ళుగా తెలుగు చెబుతోంది. భర్త ప్రేమ్‌కుమార్‌ది పరవాడ మందుల కంపెనీలో షిఫ్టు పని. అతను ఇంట్లో ఉన్నప్పుడు ఈమె బడిలో ఉంటుంది, ఈమె ఇంటికొచ్చేసరికి అతను కంపెనీ బస్సులో కునుకు తీస్తుంటాడు. ముప్పై నాలుగేళ్ళకే కళ్ళ కింద నలుపు, రోజంతా నిలబడి నిలబడి పగిలిన మడమలు. ఎలా ఉన్నావమ్మా అని ఎవరైనా అడిగితే "ఉన్నానండి" అంటుంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పాలన్నా ఓపిక కూడదీసుకోవాలన్నట్టు ఉంటుంది ఆ గొంతు.

కానీ తెలుగు పాఠం మొదలుపెడితే మనిషి వేరు. పిల్లలు "సెప్పండి టీచర్" అంటే, "చెప్పండి" అని సరిగ్గా అనేదాకా పుస్తకం తెరవదు. తప్పు చదివినవాళ్ళు ఆ మాటను బోర్డు మీద పదిసార్లు రాయాలి. కొట్టదు, తిట్టదు, పదిసార్లు రాయిస్తుంది. "మన భాషలో ఉన్న అక్షరాన్ని ఉన్నట్టు పలకాలి, మింగకూడదు" అని ప్రతి జూన్‌లోనూ మొదటి రోజు చెబుతుంది. మా చోడవరంలో సగం మంది పిల్లలు ఇంట్లో ఒకలాగా, రోజా టీచరు ముందు ఒకలాగా మాట్లాడడం నేర్చుకున్నారంటే అది ఆమె చలవే.

ఈ ఏడు జూన్‌లో బడి కరస్పాండెంటు ఆమెను ఆఫీసు గదికి పిలిచాడు.

"మేడమ్, ఈ ఏడు ఫ్లెక్సీ మీద ఫ్రెంచి వేసీసేం. మెయిన్ రోడ్డు మీద కట్టేసేం కూడాను. తెలుగు పీరియడ్లు ఆరు నుంచి మూడు చేసేం. ఆ మూడింటికీ ఇద్దరు టీచర్లెందుకు? సంధ్యారాణి గారు పెద్దావిడ, ఆవిడకి కొత్తవి సెప్పలేం. ఫ్రెంచి మీరు తీసుకోండి."

"నాకు ఫ్రెంచి రాదు సార్."

"పిల్లలకి మాత్రం వచ్చా ఏటి? తప్పూ ఒప్పూ పట్టీవోళ్ళు సోడవరంలో ఎవులున్నారు మేడమ్?"

"తీసుకోకపోతే?"

ఆయన టైంటేబుల్ కాగితాన్ని ఆమె వైపు తిప్పి పెట్టాడు. తెలుగు అన్న మూడు గళ్ళలోనూ సంధ్యారాణి గారి పేరే ఉంది. రోజా పేరున్న గళ్ళన్నీ ఫ్రెంచివే. అవి వదులుకుంటే ఆ కాగితంలో ఆమె ఎక్కడా లేదు.

అలా మొదలైంది. పుస్తకాల కంపెనీవాళ్ళు బడికి అమ్మిన ఫ్రెంచి పుస్తకం బొమ్మలతో బాగానే ఉంది గానీ, ఏ మాట ఎలా పలకాలో అందులో లేదు. రోజా పొద్దున్నే అన్నం పొయ్యి మీద పెట్టి, ఫోనులో ఒక ఫ్రెంచి ఆయన పాఠాలు పెట్టుకుని వినేది. విన్నకొద్దీ ఆమెకు చిరాకు వేసింది. పుస్తకంలో అంతంత పొడవు మాటలుంటే ఆ మనిషి సగం నోట్లోనే ఉంచేసుకుంటున్నాడు. చివర ఎస్ ఉంటే అనడు. టి ఉంటే అనడు. పి అయితే ఉన్నట్టే గుర్తించడు. తెలుగు టీచరుకు ఏం తోస్తుంది? మన పిల్లలు 'సెప్పు' అన్నట్టే ఈయనా బద్ధకంగా ఏదో తన పేట భాష మాట్లాడుతున్నాడు, బడిలో మాత్రం శుద్ధంగా చెప్పాలి కదా అనుకుంది. అనుకుని, ఆ ఫ్రెంచి ఆయన పలుకును దిద్దింది. అక్షరం వదలకుండా కూడబలుక్కుని, పద్యానికి గురులఘువులు వేసినట్టు మాట మీద గీతలు పెట్టి, ముక్కలు చేసి, బోర్డు మీద తెలుగులో రాసింది. బొంజౌర్. చొకొలాట్. పెటిట్. చాలా అనే అర్థం వచ్చే మాటను బ్యూకౌప్ అని రాసింది. పిల్లలు బల్లలు గుద్ది మరీ వల్లించారు. జులై నెలంతా ఆ గది ముందు నుంచి వెళ్ళినవాళ్ళకు బ్యూకౌప్, బ్యూకౌప్ అని వినపడుతూనే ఉంది.

ఆగస్టు మొదట్లో పాస్టరమ్మగారు తమకు తెలిసిన డెబోరా గారి ఫోను నంబరు ఇచ్చారు. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన యానాంలో ఉంటారావిడ. డెబ్భై ఏళ్ళు దాటాయి, ఫ్రెంచి చిన్నప్పుడే నేర్చుకున్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక రోజా చర్చి మెట్ల మీద కూర్చుని ఫోను కలిపి, తన పుస్తకంలో మొదటి పేజీ చదివి వినిపించింది.

"అమ్మాయీ, నువ్వు ఏ ఒక్కర్నీ వదలకుండా అందర్నీ పేరుపెట్టి పిలుస్తున్నావు" అన్నారు డెబోరా గారు. "వాళ్ళలో సగం మంది నిద్రపోతుంటారే తల్లీ. లేపకూడదు."

"మరి ఫోనులో ఆయన మింగేస్తున్నాడనుకున్నానండీ."

"మింగడమేంటి! వాళ్ళ మాటే అంత. అయినా వాళ్ళ మాట వాళ్ళకి నేర్పేద్దామనుకున్నావా?" అని ఆవిడ నవ్వారు.

రోజాకు నవ్వు రాలేదు. ముప్పై ఎనిమిది మంది పిల్లలు, జులై నెలంతా, ఇరవై మూడు మాటలు కళ్ళముందు తిరిగాయి. ఆ రోజు ఇంటికొచ్చి పడుకున్న మనిషి ప్రేమ్‌కుమార్ వచ్చి లేపేదాకా లేవలేదు. "ఏటైంది?" అంటే, "ఏం లేదు, అలిసిపోయాను" అంది. తొమ్మిదేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

తరవాత రోజూ పొద్దున్న అరగంట డెబోరా గారితో ఫోను. అప్పుడే మేడ మీద బట్టలు ఆరేయాలి కాబట్టి, బట్టల క్లిప్పులతోనే చదువు. చొకొలాట్ అని రాసిన మాటకు శో అని ఒక క్లిప్పు, కో అని ఒకటి, లా అని ఒకటి. చివర టి నిద్రపోతుంది, దానికి క్లిప్పు లేదు. ఒక హల్లు రెండు అచ్చుల మధ్య చిక్కితే వెనక్కి చూడకుండా ముందున్న అచ్చు చెయ్యి పట్టుకుంటుంది. రెండు హల్లులుంటే చెరో వైపూ పోతాయి, కానీ రెండోది ఎల్ గానీ ఆర్ గానీ అయితే విడదీయకూడదు, కలిసే ముందుకు పోతాయి. నల్లబల్ల అనే అర్థం వచ్చే మాటకు తా, బ్లో అని రెండే క్లిప్పులు. తెలుగు చెవికి అది తాబ్, లో అనే వినపడుతుంది. రోజా ఆ ఒక్క మాట దగ్గరే మూడు రోజులు ఆగిపోయింది.

"పద్యం చదువుతున్నావమ్మా" అనేవారు డెబోరా గారు. "ఒకచోట బరువు, ఒకచోట తేలిక పెట్టకు. అన్నీ ఒకటే తూకం. చివరిది ఒక్క పిసరు సాగదియ్యి, చాలు."

తొమ్మిదేళ్ళు గురులఘువులు వేసిన నాలుక అంత సులువుగా వినదు. గొంతులో పలకాల్సిన ర కోసం ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూ సాధన చేసింది. అసలే బడిలో అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు, ఇంకా బొంగురుపోయింది. బట్టలారేస్తూ తనలో తాను గొణుక్కుంటుంటే పక్క మేడల మీద నుంచి చూసినవాళ్ళు ఏదో అయిందనుకున్నారు గానీ, అడిగితే బాగుండదని ఊరుకున్నారు.

ఆ అలసటలో రెండు చోట్ల మాత్రం ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ముక్కుతో అనే శబ్దాలను ఎలా రాయాలా అని తన్నుకుంటుంటే, పాత తెలుగు పుస్తకాల్లోంచి ఎప్పుడో జారిపోయిన అరసున్న గుర్తొచ్చింది. నమస్కారానికి బోఁజూర్. పిల్లవాడికి ఆఁఫాఁ. సరిగ్గా సరిపోయింది. పిల్లలు దాన్ని సగం తినేసిన సున్నా అన్నారు. ఇంకోటి, నిద్రపోయే అక్షరం పక్కమాట అచ్చుతో మొదలైతే లేచి వెళ్ళి దాంట్లో చేరుతుందని తెలిసిన రోజు. స్నేహితులు అనడానికి లే, ఆమీ అని విడిగా ఉన్నవి కలిస్తే, లే చివర నిద్రపోయే ఎస్ లేచి, లే, జా, మీ అవుతాయి. "ఇది సంధే కదండీ!" అని మేడ మీద నుంచి అరిచినంత పని చేసింది. మళ్ళీ వెంటనే టైము చూసుకుని, తడి బట్టలు వదిలేసి మెట్లు దిగింది.

ఇంత నేర్చుకున్నది చడీచప్పుడు లేకుండా బడిలో మార్చేయొచ్చు. పిల్లలు చిన్నవాళ్ళు, కొత్తగా ఏది చెబితే అది పట్టుకుంటారు. సంధ్యారాణి గారు కూడా అదే సలహా ఇచ్చారు. "నీకెందుకే తల్లీ, ఇవాళ్టినుంచి సరిగ్గా సెప్పుకో. పాతది ఆళ్ళే మర్చిపోతారు."

రోజా అలా చేయలేకపోయింది. తప్పు చదివినవాళ్ళు పదిసార్లు రాయాలని ఆ గదిలో చట్టం పెట్టింది తనే. సోమవారం క్లాసులోకి వెళ్ళి, "జులైలో నేను చెప్పిన ఇరవై మూడు మాటలూ తప్పు పలికాను. అవి కొట్టేయండి" అని చెప్పి, సుద్దముక్క తీసుకుని తనే బోర్డు మీద రాయడం మొదలుపెట్టింది. ఒక్కో మాట పదిసార్లు. నాలుగు రోజులు పట్టింది. పిల్లలు బల్లలెక్కి లెక్కపెట్టారు. "టీచర్, తొమ్మిదే అయ్యేయి!" అని ఒకడు అరిస్తే, నిజమే, తొమ్మిదే అయ్యాయి, పదోది కూడా రాసింది. నాలుగో రోజు సాయంత్రానికి కుడి భుజం పైకి లేవలేదు.

ఆ నాలుగు రోజులూ మా వీధి నరసమ్మ మనవరాలు ఝాన్సీ బడికి వెళ్ళలేదు. పిల్లకు అమ్మవారు పోసి, వేపమండల మధ్య పన్నెండు రోజులు ఇంట్లోనే పడుకుంది. తగ్గాక బడికి వెళ్ళింది గానీ, ఆ నోటుబుక్కులో పాత పేజీలు కొట్టెయ్యమని ఎవరూ చెప్పలేదు. రోజా కూడా మర్చిపోయింది. ముప్పై ఎనిమిది మందిలో ఒక్కరు.

సెప్టెంబరు ఆఖర్న నరసమ్మ చిన్నకొడుకు సాయికిరణ్ సెలవు మీద వచ్చాడు. అతను జనాన్ని తిప్పే పెద్ద ఓడలో వంటశాల పనివాడు. అక్కడ పెద్ద వంటవాళ్ళంతా ఫ్రెంచివాళ్ళు. ఝాన్సీ నోటుబుక్కు పట్టుకుని బాబాయి పక్కన చేరింది.

"బాబాయ్, నాకు ఫ్రెంచి వచ్చు. బ్యూకౌప్!"

"ఏటీ?"

"బ్యూకౌప్. అంటే చాలా అని. టీచర్ చెప్పింది."

"ఓలమ్మో! మా పెద్ద వంటాయన ముందు ఆ మాట అను సూడు, గరిటుచ్చుకుని ఓడంతా తరుముతాడు గుంటా! అది బోకూ. బో, కూ. ఇదేటి ఫ్రెంచి? ఇది ఫ్రెంచే కాదు!"

నరసమ్మ అప్పుడు గడపలో కూర్చుని గోంగూర ఒలుస్తోంది. ఆఖరి మాట చెవిన పడింది. ముందు మాటలు పడినా లాభం లేదు, ఆవిడకు కావలసింది ఆఖరి మాటే. సాయంత్రం పాలకేంద్రానికి వెళ్ళినప్పుడు చెంబు కంటే ముందు ఆ మాటే దించింది. తరవాత అది మాడుగుల బస్సెక్కిన సంగతి చెప్పానుగా.

కరస్పాండెంటు దాకా వెళ్ళడానికి మూడు రోజులు పట్టింది. ఆయన రోజాను, సాయికిరణ్‌ను, నోటుబుక్కుతో సహా ఝాన్సీని ఆఫీసు గదికి పిలిపించాడు. వెనకే నరసమ్మ కూడా వచ్చింది, ఎవరూ పిలవకపోయినా.

సాయికిరణ్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. "నేనేదో నవ్వులాటకి అన్నాను సార్" అన్నాడు. ఎవరూ వినలేదు.

కరస్పాండెంటు నోటుబుక్కు తెరిచి బల్ల మీద పెట్టాడు. "ఇది మీరు సెప్పిందేనా మేడమ్? లేపోతే పిల్ల తప్పు రాసుకుందా?"

ఆ రెండో ప్రశ్నలో దారి ఉంది. పిల్ల తప్పు రాసుకుందనే మాట ఒక్కటి అంటే చాలు, అందరూ ఇళ్ళకు వెళ్ళిపోవచ్చు. ఝాన్సీ మొహం మీద పొక్కుల మచ్చలు ఇంకా పోలేదు. పిల్ల టీచరు వైపే చూస్తోంది, తను నిజంగానే తప్పు రాసిందేమో అన్న అనుమానంతో. రోజాకు ఆ పూట ఐదు పీరియడ్లు అయ్యాయి, కాళ్ళు లాగుతున్నాయి. అబద్ధం చెప్పాలన్నా దాన్ని రేపు గుర్తుపెట్టుకోవాలి కదా, అంత ఓపిక కూడా లేదనిపించింది.

"నేను చెప్పిందే సార్. పిల్ల ఉన్నది ఉన్నట్టు రాసుకుంది. జులైలో తప్పు చెప్పాను. ఆగస్టులో దిద్దాను. అప్పుడు ఈ పిల్ల బడికి రాలేదు."

"దిద్దేరా? అంటే పిల్లలకి ఏటని సెప్పేరు?"

"తప్పు చెప్పానని చెప్పాను."

"ముప్పైఎనిమిది మంది ముందూ?"

"ముప్పై ఏడు మంది ముందు సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "మేడమ్, తప్పు సెప్పడం వేరు. తప్పు సెప్పేనని సెప్పడం వేరు. మొదటిది ఎవులికీ తెలీదు."

నరసమ్మ నోరు తెరిచింది గానీ సాయికిరణ్ చెయ్యి నొక్కాడు.

రోజాను ఇప్పుడు చదవమన్నారు. ఆమె పుస్తకం తీసి ఒక పేజీ చదివింది. గొంతు బొంగురుగానే ఉంది, ముక్క తరవాత ముక్క ఒకే తూకంతో నడిచింది, చివర్న ఒక్క పిసరు సాగింది. సాయికిరణ్‌కు ఫ్రెంచి చదవడం రాదు, వినడం వచ్చు. కాసేపు నేల వైపు చూస్తూ విన్నాడు. "ఇప్పుడు బాగానే ఉంది సార్" అన్నాడు. "ఆ గొంతులో రా అయితే మా పెద్దాయన తిట్టినట్టే ఉంది."

"అంటే మంచిదా, సెడ్డదా?"

"మంచిదే సార్. తిట్టేటప్పుడే ఆయన సుద్దంగా మాటాడతాడు."

కరస్పాండెంటు నవ్వలేదు. విశాఖపట్నం నుంచి అసలైన ఫ్రెంచి టీచరును తెప్పిస్తాననీ, వచ్చేదాకా ఈవిడే చెప్పాలనీ, ఆ తరవాత సంగతి ఆలోచిస్తాననీ తేల్చాడు. తేల్చిందేమీ లేదు నిజానికి. ఆ తరవాత ఒకావిడ వచ్చింది. బడి చూసింది, బస్సుల వేళలు అడిగింది, మధ్యాహ్నం భోంచేసి, చెరకు బళ్ళ వెనక ఇరుక్కున్న బస్సులోనే తిరిగి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. రెండో మనిషిని ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

కాబట్టి రోజాను తీసేయనూ లేదు, ఉంచనూ లేదు. పొద్దున్న మేడ మీద డెబోరా గారితో చదువు, పగలంతా పిల్లలతో, సాయంత్రం నోటుబుక్కులు. ప్రతి నెలా మొదటి తారీఖున టైంటేబుల్ కాగితం గోడ మీద పడగానే ముందు తన పేరు వెతుక్కుంటుంది. ఉంటే ఇంకో నెల.

ఇక నరసమ్మ. మాట తన ఇంట్లోంచే వెళ్ళిందని ఆవిడకు తెలుసు, ఆఫీసు గదిలో కళ్ళారా చూసింది కూడా. అయినా పాలకేంద్రం దగ్గర ఎవరైనా కదిలిస్తే "ఏటో అమ్మా, సదివింది గానీ, అది ఫ్రెంచో కాదో మనకేటి తెలుస్తాది" అంటూనే వచ్చింది. లోపల మాత్రం తొలుస్తోంది. మనవరాలి చదువు మరి.

మొన్న శనివారం పిండిమర దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. రోజా గోధుమల డబ్బా వరసలో పెట్టి, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. నరసమ్మ తన బియ్యం సంచి పక్కన పెట్టుకుని, చీర సర్దుకుని, ఆమె పక్కనే చతికిలబడింది. మర మోతలో మాట వినపడదు, అందుకే ఊరుకుంది. అంతలో కరెంటు పోయింది. మర బెల్టు జారినట్టు మోత ఆగిపోయింది.

"టీచరమ్మా, నిద్రా?"

"లేదు పిన్నీ."

"మా గుంటని ఆ రోజు తప్పుపట్టకుండా కాపాడేవు. అది నేను మర్సిపోను."

"కాపాడ్డమేముంది, అది తప్పు రాయలేదు."

"నా నోరు మంచిది కాదు, నాకు తెలుసు. ఊరంతా తిప్పీసేను."

"దేవరాపల్లి దాకా వెళ్ళింది పిన్నీ. మా అక్క ఫోను చేసింది."

"అంత దూరమా?" అంది నరసమ్మ. సిగ్గుపడాలో గర్వపడాలో తేలక కాసేపు ముక్కుపుడక తిప్పుకుంది. తరవాత ఇంక ఆగలేక, దగ్గరికి జరిగి, గొంతు తగ్గించింది. "ఎవులికీ సెప్పన్లే. నాకొక్కదానికే సెప్పు. మీ సారూ లేడు, మా సాయిగాడూ లేడు. నిజంగా సెప్పు తల్లీ, నువ్వు పిల్లలకి సెప్తన్నది ఫ్రెంచేనా?"

రోజా కళ్ళు తెరవలేదు.

"నిన్నటిదాకా చెప్పిందంతా ఫ్రెంచే పిన్నీ. సోమవారం చెప్పాల్సింది ఇంకా నాకే రాలేదు."